సగం గడియ

"గడియ వేశావా?" అని అడిగాను ఫోనులో.

అప్పటికి ఏమీ జరగలేదు. సాయంత్రం ఆరు కూడా కాలేదు. దొంగతనం వార్త ఏదీ చదవలేదు, కన్ను కూడా అదరలేదు. అయినా అడిగాను. ఏదైనా జరిగాక అడిగితే ఏం లాభం?

"అమ్మా, నేనింకా ల్యాబులోనే ఉన్నాను. ఇక్కడ గడియ వేస్తే రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు లోపలే ఉండిపోతారు," అంది వాసంతి.

"ఇంటికెళ్ళాక వేస్తావుగా?"

దానికి జవాబు రాలేదు. ఎప్పుడూ రాదు. మా అమ్మాయి అన్నిటికీ జవాబు చెబుతుంది, దీనికి తప్ప. ఫోను పెట్టేస్తుంది.

మాది చీరాల. అది ఉండేది విజయవాడలో, మూడంతస్తుల మేడ మీద ఒంటి గదిలో. గది చుట్టూ డాబా, డాబా నిండా కుండీలు. టమాటా, గోంగూర, కరివేపాకు, ఇంకా పేరు తెలియనివి. నాకు కుండీలన్నా భయమే. గాలికి ఒకటి జారి కింద పోయే మనిషి నెత్తిన పడితే ఎవరిని పట్టుకుంటారు?

ఈ మొక్కల పిచ్చి దానికొక్కదానికే ఉందనుకుంటే పొరపాటు. ఫోనులో 'పందిరి' అని ఒక సంఘం ఉంది. మిద్దెల మీద మొక్కలు పెంచేవాళ్ళంతా అందులో చేరతారు. విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటారు, ఆకుమచ్చ తెగులు ఫోటోలు పెట్టి ఒకరినొకరు ఓదార్చుకుంటారు, తొలి వంకాయకు బారసాల చేసినంత పని చేస్తారు. "ఊరికే భయపడుతూ కూర్చునే బదులు కుండీలో కొత్తిమీరైనా వేసుకో" అని వాసంతి నన్నూ చేర్పించింది. వేసుకున్నాను. ఇప్పుడు కొత్తిమీర గురించి కూడా భయపడుతున్నాను.

పందిరిలో 'నీళ్ళ సాయం' అని ఒక పేజీ ఉంది. ఇంట్లో లేనివాళ్ళు అందులో రాసుకుంటే, అదే వీధిలోని సభ్యులెవరైనా వచ్చి మొక్కలకు నీళ్ళు పోసి వెళతారు. పరాయి మొక్క ఎండిపోతుంటే చూడలేని మనిషి పరాయి ఇంటికి కీడు తలపెడతాడా అని వాళ్ళ నమ్మకం. అందుకని అందరూ అన్నీ రాసేస్తారు. ఇంటి నెంబరు, ఇంట్లో ఎవరుంటారు, ఎప్పుడుండరు, తాళంచెవి ఎక్కడ పెడతారు. 'ఈ వివరాలు మీ వీధివారికి మాత్రమే కనబడును' అని పైన పచ్చటి అక్షరాలతో ఉంటుంది. వీధి పేరు రాసి నొక్కితే ఆ వీధి తెరుచుకుంటుంది.

మా అమ్మాయి మొక్కలకు ఎవరైనా నీళ్ళు పోస్తున్నారో లేదో చూద్దామని ఆ రోజు ఆ పేజీ తీశాను. విజయవాడ అని రాశాను. వీధి పేరులో ఒత్తు ఏ అక్షరం కింద పెట్టాలో తెలియక, చదువు ఏడో తరగతితో ఆగిపోయినందుకు నన్ను నేనే తిట్టుకుని, అక్కడ ఖాళీగా వదిలేసి నొక్కాను.

ఊరు ఊరంతా తెరుచుకుంది.

మొదటి ఇంటివాళ్ళు అరుణాచలం వెళ్ళారు. తాళంచెవి చెప్పుల స్టాండులో ఎడమ బూటులో ఉంది. రెండో ఇంట్లో ముసలాయన ఒక్కరే ఉంటారు, చెవుడు, గట్టిగా పిలవాలి, తలుపు తీసే ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళితే మా పిల్ల. 'వాసంతి. ఇంటి నెంబరు ఏడు, డాబా మీద గది. ఒక్కదాన్నే ఉంటాను. రాత్రి తొమ్మిది దాకా రాను. తాళంచెవి కరివేపాకు కుండీ కింద.'

వెంటనే ఫోను చేశాను. వాసంతి ముందు నవ్వింది, తర్వాత తను కూడా వీధి ఖాళీగా వదిలి చూసుకుని నవ్వు ఆపేసింది.

"తాళంచెవి బ్యాగులో వేసుకున్నాలే అమ్మా."

"చెవి సరే. ఆ రాసిందో? ఒక్కదాన్నే ఉంటానని?"

"చెరపడం కుదరట్లేదు. పారదర్శకత కోసం ఒకసారి పెట్టింది ఎవరూ తీయకూడదంట. కంచెకి రాయాలంట."

కంచె అంటే పందిరివారి భద్రతా ఉపసంఘం. దాని సంగతి కొంచెం చెప్పాలి.

ఒకప్పుడు పందిరిలో పెద్ద గొడవ జరిగిందట. కంచె ఏం చేస్తున్నదో సభ్యులందరికీ తెలియాలని ఒక వర్గం. అందరికీ తెలిస్తే దొంగలకూ తెలుస్తుంది కదా అని ఇంకో వర్గం. రెండు మాటలూ నిజమే. నిజం ఇద్దరి దగ్గరా ఉంటే మన పెద్దలు ఏం చేస్తారు? పొలం పంచినట్టు చెరిసగం పంచుతారు. అలా పుట్టింది 'సమతుల్యతా విధానం'. కంచెకు వచ్చిన ప్రతి ఫిర్యాదునూ అందరికీ చూపించాలి, అయితే ఒక మాట చూపించి ఒక మాట దాచాలి. దాచిన మాట మీద ఒక ఆకు బొమ్మ. సగం పారదర్శకత, సగం గోప్యత. ఎవరికీ తక్కువ కాలేదు, ఎవరికీ ఎక్కువ కాలేదు.

కంచె సభ్యులకు కూడా అసలు పేర్లు ఉండవు. అధ్యక్షులు గుమ్మడి, కార్యదర్శి బీర. పొట్ల, దొండ, కాకర సభ్యులు. ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు.

నేను కూడబలుక్కుని, పెద్దవాళ్ళకు రాస్తున్నానన్న భయంతో, ఇలా రాశాను: 'అయ్యా, మా అమ్మాయి ఇంటి తాళంచెవి కరివేపాకు కుండీ కింద ఉన్నట్టు అందరికీ కనిపిస్తోంది. దయచేసి గడియ వేయించండి.'

మర్నాడు అది ఇలా అచ్చయింది: 'అయ్యా – ఆకు – అమ్మాయి – ఆకు – తాళంచెవి – ఆకు – కుండీ – ఆకు – ఉన్నట్టు – ఆకు – కనిపిస్తోంది – ఆకు – గడియ – ఆకు.'

దాని కిందనే జవాబు. 'మీ ఫిర్యాదులో కనబడిన భాగమును కంచె కూలంకషముగా పరిశీలించినది. కనబడని భాగమును పరిశీలించుట గోప్యతా ఉల్లంఘన అగును గనుక పరిశీలించలేదు. మీరు కోరిన ప్రకారము ఒక గడియ మంజూరు చేయడమైనది. ఇట్లు, బీర, కార్యదర్శి.'

మా ఆయనకు నూలు రంగుల కొట్టు ఉంది. చేతులకు నీలం రంగుతోనే ఫోను తీసుకుని చదివారు.

"గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. అడగ్గానే ఇచ్చారు, మంచివాళ్ళే. ఈలోపు ఏం చేసుకుంటావో చేసుకో," అన్నారు.

"తలుపు గడియ అని రాశానండీ నేను."

"తలుపు అని ఎక్కడ రాశావు?"

నిజమే, రాయలేదు. గడియ అంటే తలుపుకు తప్ప ఇంక దేనికి ఉంటుందని నేననుకున్నాను. కాలాన్ని కొలిచే గడియ నాకెందుకు? నా కాలమంతా తలుపు గడియలోనే గడిచిపోతోంది.

మళ్ళీ రాశాను, మీకు సరిగా అర్థం కాలేదు, నా ఫిర్యాదు ఇంకోసారి చూడండి అని. చూశారు. కంచెలో దానికీ ఒక పద్ధతి ఉంది. మొదటిసారి దాగిన మాటలకు అన్యాయం జరగకూడదు కనుక, పునఃపరిశీలనలో వాటిని చూపించి, మొదటిసారి కనబడిన మాటల మీద ఆకులు వేస్తారు.

'ఆకు – మా – ఆకు – ఇంటి – ఆకు – కరివేపాకు – ఆకు – కింద – ఆకు – అందరికీ – ఆకు – దయచేసి – ఆకు – వేయించండి.'

పందిరివాళ్ళు జాలి గుండెలవాళ్ళు. ఎవరో పాపం ఇంటి కరివేపాకు అందరికీ వేయించి పెట్టమని ఇంత వినయంగా వేడుకుంటున్నారు, కంచె దాకా వెళ్ళారంటే ఎంత అవసరమో అనుకున్నారు. నూనెలో వేయించాలా, వట్టి మూకుట్లోనా అని ఒకావిడ అడిగింది. నేతిలో వేయిస్తే కళ్ళకు మంచిదని ఒకాయన చెప్పాడు. "ఇంతకీ ఎవరింటి కరివేపాకండీ?" అని ఇంకొకరు. దానికి ఒక తెలివిగలాయన, "నీళ్ళ సాయంలో వీధి పేరు ఖాళీగా వదిలి నొక్కండి, ఊళ్ళో అందరూ కనబడతారు. నిన్నటి ఫిర్యాదూ నేటి ఫిర్యాదూ పక్కపక్కన పెట్టి చదివితే ఇల్లు కూడా దొరికింది. విజయవాడ, నెంబరు ఏడు," అని రాశాడు. ఆ మాట కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

లోకంలో పనికిరాని మనిషిని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతారు. నా ఫిర్యాదులో కరివేపాకును మాత్రం ఒక్కరూ తీసి పక్కన పెట్టలేదు.

"కంచే చేను మేయడమంటే ఇదేనేమో," అన్నాను మా ఆయనతో.

"మేయడం కాదే. చేను ఎక్కడుందో పశువులకు దారి చెబుతోంది."

మర్నాడు నేను చేయకముందే ఫోను మోగింది.

"అమ్మా."

"ఏమైందే?"

"ఏం లేదు. గది ముందు ఎవరో నాలుగు కరివేపాకు మొక్కలు పెట్టి వెళ్ళారు. ఒక డబ్బాలో పొడి కూడా ఉంది. తలుపుకి చీటీ అంటించారు, మీరు తొమ్మిది దాకా రారని తెలుసు, అందుకే ఇక్కడ పెట్టాం అని."

ఆ పొడి నోట్లో పెట్టుకోవద్దన్నాను.

"అమ్మా, గడియ వేశాను," అంది వాసంతి.

నేను అడగలేదు. అడగకుండానే చెప్పింది. అప్పుడు వేసింది నాకు భయం. అంతకుముందు దాకా నేను పడినది భయం కాదు, అలవాటు.

ఆ ఆదివారం కంచెవారి 'బహిరంగ రహస్య సమావేశం' జరిగింది. ఫోనులో ఎవరైనా చూడవచ్చు. సమతుల్యత కోసం సగంసేపు బొమ్మ ఉంటుంది, మాట వినబడదు. సగంసేపు మాట ఉంటుంది, బొమ్మ కనబడదు. బొమ్మ ఉన్నంతసేపూ అందరి ముఖాల మీద ఆకులున్నాయి. ఆకుల కింద నోళ్ళు మాత్రం చాలా సీరియస్‌గా కదిలాయి. గుమ్మడి చెయ్యి ఊపారు. దొండ ఏదో తింటున్నారు. కాకర అని రాసి ఉన్న గడిలో మొదటి నుంచీ చివరి దాకా చీకటే.

మాట వంతు రాగానే గుమ్మడి గొంతు వినబడింది. "సభ్యులారా, పారదర్శకత లేని భద్రత గుడ్డిది, గోప్యత లేని భద్రత మూగది. కావున మనం ఒక కన్ను, సగం నోరు..."

అంతలో ఫోనులోంచి, "పాత చీరలకి ప్లాస్టిక్ బకెట్లే," అని ఒక కేక వినబడింది. అదే కేక మా కిటికీలోంచి కూడా వినబడింది.

"ఏవండీ, ఆ బకెట్లవాణ్ణి కాస్త ఆపండి," అని ఫోనులో ఒక ఆడ గొంతు.

ఆ గొంతు నాకు తెలుసు. మాకు నాలుగిళ్ళ అవతలుండే కనకవల్లిది. వాళ్ళాయన మార్కండేయులు గారు రిజిస్ట్రారాఫీసులో సూపరింటెండెంటు చేసి రిటైరయ్యారు. మేడ మీద సొర పాదు ఉంది. ఊళ్ళో ఎవరూ ఎత్తనంత గంభీరంగా గొంతెత్తి మాట్లాడతారు.

ఒక కట్ట కొత్తిమీర కోసుకుని వెళ్ళాను. వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదు.

"గుమ్మడి గారున్నారా వదినా?"

"గుమ్మడికాయా? మొన్ననే పులుసు పెట్టేశానమ్మా," అంది కనకవల్లి.

పేపరు వెనక నుంచి మార్కండేయులు గారు, "ఇక్కడ గుమ్మడి ఎవరూ లేరు," అంటూ భుజం దులుపుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కళ్ళారా చూడడం అదే మొదలు.

కనకవల్లిని కాఫీకి పంపించి ఆయన పేపరు మడిచారు. "చూడండి సుభద్రమ్మ గారూ, మీకు తెలిసిపోయింది కాబట్టి సగమే చెబుతాను. భద్రత అనేది ఒక త్రాసు. ఒక పళ్ళెంలో పారదర్శకత, ఒక పళ్ళెంలో గోప్యత. ముల్లు మధ్యలో నిలబెట్టడం మా బాధ్యత."

"ఆ పళ్ళెంలో మా పిల్ల కూర్చుంది అన్నయ్య గారూ."

"వ్యక్తిగత అంశాలు కంచె పరిధిలోకి రావు."

"పోనీ, ఆ గడియ వేసే మనిషి ఎవరు? ఫోనులో అది మూసేది ఎవరు?"

ఆయన గొంతు తగ్గించారు. "కాకర. మొత్తం ఆయన చేతిలోనే ఉంది."

"మరి ఆయనకి చెప్పండి."

"ఎలా చెబుతామండీ? లోపం ఉందని ఆయనకి చెబితే, ఉందన్న సంగతి ఇంకో మనిషికి తెలిసినట్టే కదా. గోప్యతా భంగం."

"చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?"

"తెలియకూడదనే కదా మా తాపత్రయం."

"ఆయన అడగడా?"

"పందిరి వేసిన దగ్గర్నుంచీ ఆయన నోరు విప్పలేదు. కంచెలో ఉండేవాళ్ళు తమ పని గురించి మాట్లాడరాదని నియమం. ఎంత క్రమశిక్షణండీ మనిషిది."

కాఫీ వచ్చింది. నేను తాగుతూ అన్నాను, "రేపు తిరుపతి వెళుతున్నారంటగా. తాళంచెవి గుమ్మం పైన గూట్లో, పాత వినాయకుడి వెనకేనా?"

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? చీరాల అని రాసి వీధి ఖాళీగా వదిలాను."

కనకవల్లి మొగుడి వంక చూసింది. "వినాయకుడి సంగతి ఫోనులో రాశారా? బీరువా సంగతి కూడా రాశారా?"

మార్కండేయులు గారు అజెండాలో పెడతానని మాటిచ్చారు. తిరుపతి ప్రయాణం మానుకున్నారు.

పెట్టారు కూడా. మరుసటి సమావేశంలో మాట వంతు రాగానే తీర్మానం చదివారు. "లోపము ఉన్నదని సగము మంది, లేదని సగము మంది సభ్యులు అభిప్రాయపడినందున, దానిని సగము మూయుటకు నిర్ణయించడమైనది. పూర్తిగా మూసినచో పారదర్శకతకు, మూయకున్నచో గోప్యతకు భంగము. కావున నేటి నుండి సరి సంఖ్య గల ఇండ్లు దాచబడును. బేసి సంఖ్య గల ఇండ్లు చూపబడును."

మార్కండేయులు గారి ఇంటి నెంబరు సరి సంఖ్యే అని వేరే చెప్పనక్కరలేదు.

మా వాసంతిది ఏడు. అంటే ఇకమీద విజయవాడలో సగం ఇళ్ళు మాయమవుతాయి, వెతికేవాడికి సగం శ్రమ తగ్గుతుంది, మిగిలిన సగంలో మా పిల్ల ఇంకాస్త పైకి వచ్చి కూర్చుంటుంది. పైగా ఆ ఇళ్ళకు 'పారదర్శక గృహములు' అని బిరుదు. పక్కనే పచ్చ జెండా బొమ్మ కూడా పెడతారట.

"బహుబాగు," అన్నారు పొట్ల.

"ఎవరికైనా సందేహాలుంటే సగం నిమిషం ఇస్తాం," అన్నారు బీర.

నాకు పెద్దల సభలో మాట్లాడడం తెలియదు. పిల్లల బడిలో మీటింగు పెడితేనే వెనక వరసలో కూర్చునే మనిషిని. మా ఆయన నా ఫోను తీసుకుని మాట గుర్తు నొక్కి, "ఊఁ, కానీ. రోజూ అమ్మాయిని అడుగుతావుగా, అదే అడుగు," అన్నారు.

"అయ్యా," అన్నాను, "నేను చీరాల నుంచి. మా ఇంట్లో తలుపుకి సగం గడియ పడితే దాన్ని మేం తీసి ఉన్న తలుపనే అంటాం. సగం పడిందిలే అని ఎవరం పడుకోం."

"ఇది సందేహం కాదు, అభిప్రాయం," అన్నారు బీర. "అభిప్రాయాలు సగం మాత్రమే..."

"సందేహమే అడుగుతాను. కాకర గారిని అడుగుతాను."

గుమ్మడి, "కాకర అనేవారు ఉన్నారా లేరా అన్నది సగమే చెప్పగలం," అన్నారు, కానీ ఆ గొంతులో మునుపటి గాంభీర్యం లేదు. వెనక కనకవల్లి గొంతు, "మీరు ఊరుకోండి, ఆవిణ్ణి అడగనీండి," అంది.

"కాకర గారూ, మీరెవరో నాకు తెలీదు. మీకు ఎవరూ చెప్పలేదు కదా, నేను చెబుతున్నాను. నీళ్ళ సాయంలో వీధి పేరు రాయకుండా నొక్కితే ఊరంతా కనిపిస్తోంది. ఒంటరి ముసలాయనలు కనిపిస్తున్నారు. మా అమ్మాయి కనిపిస్తోంది. మొన్న తనకై తనే గడియ వేశానని చెప్పింది, నేనడక్కుండానే. అది అట్లా చెప్పే పిల్ల కాదు. దాని తలుపుకి అది వేసుకుంది. మీ చేతిలో ఉన్న తలుపు ఒకటుంది."

"గోప్యతా..." అని మొదలుపెట్టి బీర ఆగిపోయారు.

"గడియ వేశావా?" అని అడిగాను.

దొండ నమలడం ఆపేశారు. ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. అది ఎవరి కుక్కరో ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. మా ఆయన తన ఫోనులో విజయవాడ అని రాసి, వీధి ఖాళీగా వదిలి, నీలం వేలితో నొక్కారు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఇళ్ళు రాలేదు. రావడం లేదనీ చెప్పలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. రోజూ పెట్టేసేవాళ్ళతోనే కదా నా బతుకంతా. ఈ పాటికి వాసంతి అయితే పెట్టేసి ఉండేది.

కాకర గడిలోని చీకట్లో ఏదో కదిలింది. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత, అందరూ ఇన్నాళ్ళూ ఆయన ఆయన అంటూ వచ్చిన ఆ చీకట్లోంచి ఒక ఆడపిల్ల గొంతు, అచ్చం మా పిల్ల విసుక్కున్నట్టే విసుక్కుంటూ వచ్చింది.

"వేశానమ్మా, వేశాను. పూర్తిగానే వేశాను."